రెండు చెకప్‌ల నడుమ

మోటార్ న్యూరాన్ వ్యాధి ఉన్నవాళ్ళను రెండు మూడు నెలలకోసారి నిపుణుల బృందమంతా కలిసి చూడాలని బ్రిటన్‌లోని ఆరోగ్య ప్రమాణాల సంస్థ ‘నైస్’ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. నరాల డాక్టరు, ఊపిరి సంగతి చూసేవారు, ఫిజియోథెరపిస్టు, ఆహార నిపుణులు, మాటా మింగుడూ పరీక్షించే స్పీచ్ థెరపిస్టు అందరూ ఒకే చోట ఉంటారు. ఈ జబ్బుకు ప్రపంచంలో దొరికే మెరుగైన వైద్యం దాదాపు ఇదే. అయినా ఒక్కసారి లెక్క వేసి చూడండి. మూడు నెలలంటే 2,160 గంటలు. అందులో ఆసుపత్రిలో గడిచేది ఒక పూట. తక్కినదంతా ఇంట్లోనే. రోగిని పక్కకు తిప్పడం, చొంగ తుడవడం, అన్నం మెత్తగా పిసికి పెట్టడం, అర్థం కాని మాటను నాలుగుసార్లు అడిగి అర్థం చేసుకోవడం, ఇవన్నీ చేసేది భార్యో భర్తో కూతురో కొడుకో కోడలో. వాళ్ళకు ఈ పని ఎవరూ నేర్పలేదు. దానికి డ్యూటీ దిగే వేళంటూ లేదు.

రాత్రి ఒంటిగంటకు, ఊపిరి అందించే బైపాప్ యంత్రం మాస్కు పక్కనుంచి గాలి కారిపోతూ ముక్కు మీద పుండు పడుతుంటే ఏం చేయాలి? ఉమ్మి దారంలా సాగి గొంతులో అడ్డుపడుతుంటే ఎటు పడుకోబెట్టాలి? ఆ వేళకు డాక్టరుకు ఫోను చేయలేం. చుట్టాలకు చేస్తే అయ్యో అంటారు తప్ప చెప్పలేరు. చెప్పగలిగిన మనిషి ఇంకో ఊళ్ళోనో, ఇంకో ఖండంలోనో, ఇలాంటి మంచం పక్కనే మేలుకుని ఉంటుంది. ఆ ఇద్దరినీ కలపడమనే పనిని వైద్యరంగం ఇప్పుడిప్పుడే లెక్కలోకి తీసుకుంటోంది. నా దృష్టిలో ఇది వైద్యంలో భాగమే. దాన్ని ఓదార్పు కిందనో కాలక్షేపం కిందనో చూస్తే చూసుకునేవాళ్ళకు అన్యాయం చేసినట్టే.

ముందు జబ్బు సంగతి. మనం చెయ్యి ఎత్తాలనుకుంటే మెదడు పైపొరలో పుట్టిన సంకేతాన్ని ఒక నాడీకణం వెన్నుపాము దాకా తెస్తుంది. అక్కడినుంచి ఇంకో కణం కండరానికి చేరుస్తుంది. పాదానికి వెళ్ళే కణం పోగు దాదాపు మీటరు పొడవుంటుంది. ఈ రెండు రకాల కణాలూ ఒక్కొక్కటే చచ్చిపోవడమే మోటార్ న్యూరాన్ వ్యాధి. సంకేతం అందని కండరం మొదట అదురుతుంది, తర్వాత సన్నబడుతుంది, చివరికి కదలదు. ఈ వ్యాధుల్లో ఎక్కువమందిలో కనిపించేదాన్ని ఎ.ఎల్.ఎస్. అంటారు. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో పనిచేసిన జాన్ మార్టిన్ షార్కో 1869లో దాన్ని వివరించాడు. 1941లో ఈ జబ్బుతో చనిపోయిన బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్ పేరుతోనే అమెరికన్లు దాన్ని పిలుస్తారు. మనకు తెలిసిన పేరు స్టీఫెన్ హాకింగ్. ఆయనకు 1963లో జబ్బు బయటపడింది, 2018 దాకా బతికాడు. కానీ ఆయన్ను చూసి మిగతావాళ్ళ కాలాన్ని అంచనా వేయకూడదు. మొదటి లక్షణం కనిపించాక రెండు నుంచి నాలుగేళ్ళలో సగం మంది వెళ్ళిపోతారు. పదేళ్ళు దాటేది పదిమందిలో ఒకరు.

మందులు లేవని కాదు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన రిలుజోల్, పరీక్షల్లో ఆయుష్షును రెండు మూడు నెలలు పెంచింది. ఎస్.ఒ.డి.1 అనే జన్యువులో లోపం ఉన్న కొద్దిమందికి 2023లో టోఫెర్సెన్ వచ్చింది. రాత్రిళ్ళు మాస్కుతో ఊపిరి అందించే యంత్రం మాత్రం పెద్ద తేడా తెచ్చింది. 2006లో బ్రిటన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, గొంతు కండరాలు బాగా దెబ్బతినని రోగులకు అది ఏడు నెలలకు దగ్గరగా ఆయుష్షు కలిపింది, ఆ రోజులు కాస్త సుఖంగా గడిచేట్టు కూడా చేసింది. అయితే ఆ మాస్కును రోజూ రాత్రి పెట్టేదీ, సర్దేదీ, కడిగేదీ ఎవరు? యంత్రం పనిచేయడం పక్కనున్న మనిషి చేతుల మీద ఆధారపడి ఉంది.

ఈ జబ్బులో పోనివి కూడా ఉన్నాయి, కష్టం సగం అక్కడే ఉంది. స్పర్శ పోదు. దోమ కుట్టడం తెలుస్తుంది, తోలుకోలేరు. మడతపడిన దుప్పటి నడుం కింద ఒత్తుకోవడం తెలుస్తుంది, జరగలేరు. కనుగుడ్ల కదలిక చాలామందిలో చాలాకాలం నిలుస్తుంది. మనసు చాలామందిలో చురుగ్గానే ఉంటుంది. అయితే సగం మంది దాకా ఆలోచనలోనో ప్రవర్తనలోనో ఎంతో కొంత మార్పు వస్తుందనీ, నూటికి పదిహేను మందిలో అది మెదడు ముందు భాగాన్ని దెబ్బతీసే డిమెన్షియాగా ముదురుతుందనీ ఇప్పుడు తెలుసు.

పైగా ఇది అరుదైన జబ్బు. బ్రిటన్ మొత్తంలో ఏ రోజు చూసినా సుమారు 5,000 మంది ఉంటారు. అక్కడి ఫ్యామిలీ డాక్టరు ఉద్యోగ జీవితమంతా కలిపి ఇలాంటి రోగులను ఒకరిద్దరినే చూస్తాడని చెబుతారు. ఆ 5,000 లెక్కన లక్షమందికి ఏడెనిమిది మంది. మన దగ్గర అంతకన్నా తక్కువని, లక్షకు నలుగురని అనుకున్నా, 2011 జనాభా ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లో మూడు వేలమందికి పైగా తేలతారు. అంటే మనం అనుకునేంత తక్కువేం కాదు. కానీ వాళ్ళంతా వందల మండలాల్లో చెదిరి ఉన్నారు. పక్షవాతం వస్తే పక్క వీధిలో అనుభవం ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. ఇక్కడ ఊరంతా వెతికినా ఆ జబ్బు పేరు విన్నవాళ్ళు కూడా దొరకరు. 2014లో ఈ జబ్బు పేరుతో ఐస్ నీళ్ళ బకెట్ నెత్తిన పోసుకునే పందెం ప్రపంచమంతా తిరిగినప్పుడు హైదరాబాద్‌లో అది బియ్యం బకెట్‌గా మారింది, ఆకలిగొన్నవాళ్ళకు బియ్యం చేరింది. మంచి పనే జరిగింది. ఆ నీళ్ళ వెనక ఉన్న జబ్బు గురించి మాత్రం మన ఇళ్ళలో పెద్దగా మాట్లాడుకోలేదు.

చూసుకునేవాళ్ళ ఒంటి మీద ఈ భారం ఏం చేస్తుందో కొలిచినవాళ్ళున్నారు. అమెరికాలోని ఒహైయో స్టేట్ యూనివర్సిటీలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం, ఇంట్లో డిమెన్షియా రోగిని చూసుకుంటున్న 13 మంది స్త్రీలనూ, వయసులో ఆదాయంలో వాళ్ళకు సరితూగే మరో 13 మందినీ తీసుకుంది. అందరి చేతుల మీదా 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, ఎన్నాళ్ళకు మానుతుందో చూసింది. రెండో జట్టుకు సగటున 39 రోజులు పట్టింది. చూసుకునేవాళ్ళకు దాదాపు 49 రోజులు. 1995లో ఆ ఫలితం అచ్చయింది. మనసులోని అలసట చర్మం మీద గాయాన్ని తొమ్మిది రోజులకు పైగా ఎక్కువ తెరిచి ఉంచింది. నాలుగేళ్ళ తర్వాత షుల్జ్, బీచ్ అనే పరిశోధకులు పెద్ద వయసు దంపతులను గమనించి ఇంకో సంగతి చెప్పారు. జీవిత భాగస్వామిని చూసుకుంటూ, ఆ పనిలో ఒత్తిడి పడుతున్నామని చెప్పినవాళ్ళలో నాలుగేళ్ళలో చనిపోయే ప్రమాదం, అలాంటి బాధ్యత లేనివాళ్ళకన్నా 63 శాతం ఎక్కువ. చూసుకుంటున్నా ఒత్తిడి లేదన్నవాళ్ళలో ఆ పెరుగుదల కనిపించలేదు. ఆ రెండో సంగతిని మరిచిపోకూడదు. మనిషిని తినేసేది సేవ కాదు, ఒంటరిగా, ఏమీ తెలియక, నిద్ర లేకుండా చేసే సేవ.

ఇందులో ‘ఏమీ తెలియక’ అనే దానికి తోటివాళ్ళ దగ్గర మందుంది. గుండె బైపాస్ ఆపరేషన్‌కు వచ్చిన మగవాళ్ళ మీద అమెరికాలో కూలిక్, మాలర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలన 1987లో వెలువడింది. ఆపరేషన్ ముందు రోజుల్లో కొందరికి తమలాగే ఎదురుచూస్తున్నవాళ్ళను గదిలో తోడు ఉంచారు. కొందరికి అప్పటికే ఆపరేషన్ అయిపోయినవాళ్ళను తోడు ఉంచారు. రెండో రకం తోడు దొరికినవాళ్ళకు ముందు రోజు భయం తక్కువగా ఉంది, ఆపరేషన్ తర్వాత ఎక్కువ నడిచారు, తొందరగా ఇంటికి వెళ్ళారు. పక్క మంచం మీది మనిషి వైద్యమేం చేయలేదు. రేపు ఎలా ఉంటుందో అతని ఒంటి మీద కనిపించింది, అంతే.

తోటివాళ్ళ సాయమంటే నాకు అర్థమైంది ఇదే. మనకన్నా కొన్ని నెలలు ముందు నడుస్తున్న మనిషి కావాలి. మరీ ముందున్న మనిషి భయపెడతాడు. మనతో సమానంగా ఉన్నవాడు కలిసి బాధపడగలడు కానీ దారి చెప్పలేడు. ఆహారం పంపడానికి పొట్టకు గొట్టం వేయించాలా వద్దా అని తేల్చుకోలేని భార్యకు, మూడు నెలల కిందట వేయించుకున్న ఇంటి ఇల్లాలు చెప్పే మాట ఎంతో పనికొస్తుంది. ఊపిరి బలం బాగా తగ్గకముందే గొట్టం వేయించుకోవాలని డాక్టర్లు చెబుతారు, ఎందుకంటే తర్వాత ఆ చిన్న ఆపరేషనే ప్రమాదమవుతుంది. ఆ మాట డాక్టరు నోట వింటే ‘అప్పుడే అంతదూరం వచ్చేసిందా’ అని గుండె జారుతుంది. ఇంకో ఇల్లాలు ‘మా ఆయన గొట్టం వేశాక కూడా నోటితో నాలుగు ముద్దలు తింటున్నారమ్మా, మందులు మాత్రం గొట్టంలో వేస్తాను, పూటపూటా యుద్ధం తప్పింది’ అంటే అదే మాట వేరుగా వినిపిస్తుంది.

ఇలాంటివాళ్ళు కలుసుకోవడానికి ఇంటర్నెట్ ఇంతగా సరిపోవడానికి కారణం జబ్బులోనే ఉంది. ఆదివారం ఫలానా హాల్లో సమావేశం అంటే, వెళ్ళాలనుకున్న ఇల్లాలి బదులు ఇంట్లో ఎవరు కూర్చోవాలి? గొంతులోని ఉమ్మిని లాగే సక్షన్ మిషన్ వాడటం చుట్టుపక్కలవాళ్ళకు రాదు. అదే ఫోన్‌లో అయితే మంచం పక్కనే కూర్చుని, రోగి కాస్త కునుకు తీసిన పావుగంటలో అడగవచ్చు. హైదరాబాద్‌లో అర్ధరాత్రి అయినప్పుడు డాలస్‌లో మధ్యాహ్నం. ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. నోరు విప్పి అడగని వాళ్ళు కూడా ఎందరో ఉంటారు. వాళ్ళు రోజూ చదువుతారు, వాయిస్ మెసేజ్‌లు వింటారు, ఒక్క మాట రాయరు. అయినా వాళ్ళకు అందేది అందుతూనే ఉంటుంది. 2020లో కోవిడ్ వచ్చి హాళ్ళ తలుపులు మూసేశాక, అప్పటిదాకా ముఖాముఖి కలిసే బృందాలు కూడా వీడియోలోకి మారాయి.

అక్కడ చేతులు మారే జ్ఞానం ఎలాంటిదో కొన్ని ఉదాహరణలు చెప్పాలి. మన ఇళ్ళలో మంచినీళ్ళు తాగుతూ పొలమారితే నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటాం. అదే రోజుకు నాలుగుసార్లు జరిగితే ఎవరూ తలుచుకోవడం లేదు, గొంతు కండరాలు బలహీనపడుతున్నాయి. అప్పుడు అందరూ చేసే పని, అన్నం మానిపించి పలచని ద్రవాలు పట్టడం. అది సరిగ్గా తలకిందులు. పలచని నీళ్ళు వేగంగా జారి ఊపిరిగొట్టంలోకి పోతాయి, కాస్త చిక్కనివి నెమ్మదిగా వెళతాయి. నీళ్ళూ గింజలూ కలిసినవి ఇంకా కష్టం. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు తేలే చారు అలాంటిదే. పోపు వడకట్టి, మెత్తని పప్పన్నంలో నెయ్యి ఎక్కువ వేసి పెట్టమని చెప్పేది ఈ దారిలో నడిచిన ఇల్లాలే. నెయ్యి సంగతి రుచి కోసం చెప్పడం లేదు. ఈ జబ్బున్న చాలామందిలో శరీరం కూర్చున్నా ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. బరువు వేగంగా తగ్గినవాళ్ళకు జబ్బు కూడా వేగంగా ముదురుతుంది. మింగుడు ఎంతవరకు సురక్షితమో స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెప్పాలి. దాన్ని మన వంటింట్లోకి తెచ్చే పని మాత్రం తోటివాళ్ళది.

ఇంకొకటి. ‘నాన్నకు పొద్దున లేవగానే తలనొప్పి అంటున్నారు, పగలంతా కునుకుతున్నారు, గ్యాస్ అయి ఉంటుందని మాత్ర ఇచ్చాం’ అని ఒక కూతురు రాసిందనుకోండి. ముందు నడిచినవాళ్ళు వెంటనే, ‘అది గ్యాస్ కాకపోవచ్చమ్మా, రాత్రి ఊపిరి సరిగ్గా అందడం లేదేమో, డాక్టరుగారిని శ్వాస పరీక్ష అడుగు’ అంటారు. కారణం ఉంది. పడుకున్నప్పుడు బలహీనపడిన ఊపిరి కండరాలు గాలిని తగినంతగా లోపలికి లాగలేవు, ఊపిరి పైపైనే ఆడుతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. తెల్లారేసరికి తల పగిలిపోతుంది. ఇలాంటప్పుడు ఊరికే ఆక్సిజన్ సిలిండర్ తెచ్చిపెడితే ఆ వాయువు ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. కావలసింది గాలిని లోపలికీ బయటికీ నడిపించే యంత్రం. తోటివాళ్ళు రోగనిర్ధారణ చేయరు, చేయకూడదు. ఏ ప్రశ్న ఎవరిని అడగాలో చెబుతారు. ఆ ఒక్క ప్రశ్న రెండు నెలల ముందే డాక్టరు గదికి చేరుతుంది.

నవ్వూ ఏడుపూ సంగతి కూడా అంతే. టీవీలో మామూలు సన్నివేశానికి భోరున ఏడ్చే తండ్రిని చూసి ఇంటిల్లిపాదీ, మనమేం అన్నాం అని కుమిలిపోతారు. పరామర్శకు వచ్చినవాళ్ళ ముందు ఆపుకోలేక నవ్వే భర్తను చూసి భార్య సిగ్గుతో చచ్చిపోతుంది. మెదడు నుంచి ముఖ కండరాలకు వెళ్ళే అదుపు తప్పడం వల్ల వచ్చే లక్షణం అది. లోపల ఉన్న దుఃఖానికీ బయట కనిపించే ఏడుపుకూ పొంతన ఉండకపోవచ్చు. దానికి మందులున్నాయి. డాక్టరు దగ్గర చెప్పుకోవడానికి ఇదొక జబ్బు లక్షణమని ముందు తెలియాలి కదా.

ఈ వ్యాధిలో తోటివాళ్ళ జట్టు ఎంతదూరం వెళ్ళగలదో చూపించిన కథ అమెరికాలో జరిగింది. 1998లో స్టీఫెన్ హేవుడ్ అనే 29 ఏళ్ళ వడ్రంగికి ఎ.ఎల్.ఎస్. ఉన్నట్టు తేలింది. అన్న జేమీ ఇంజనీరు. అతను ముందు మందు కనిపెట్టడానికి ఒక పరిశోధన సంస్థ పెట్టాడు. 2004లో తమ్ముడు బెన్‌తోనూ ఒక స్నేహితుడితోనూ కలిసి ‘పేషెంట్స్ లైక్ మీ’ అనే వేదిక మొదలుపెట్టాడు. రోగులూ ఇంటివాళ్ళూ తమ స్థితిని అంకెల్లో నమోదు చేసుకోవడం దాని ప్రత్యేకత. ఈ జబ్బుకు డాక్టర్లు వాడే 48 మార్కుల కొలత ఒకటుంది. మాట, మింగుడు, రాత, నడక, ఊపిరి వంటి 12 విషయాలకు ఒక్కోదానికి నాలుగు మార్కులు. ‘మా ఆయనకు 31’ అంటే ఇంకో దేశంలోని ముక్కూ మొహం తెలియని ఇల్లాలికి కూడా ఆ ఇంటి పరిస్థితి కళ్ళకు కడుతుంది. స్టీఫెన్ 2006లో చనిపోయాడు. వేదిక నిలిచింది.

2008 ఫిబ్రవరిలో ఇటలీ నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. మానసిక వ్యాధులకు వాడే లిథియం ఇచ్చిన 16 మంది ఎ.ఎల్.ఎస్. రోగుల్లో 15 నెలల్లో ఒక్కరూ చనిపోలేదని అందులో ఉంది. ప్రపంచమంతా ఆశ పుట్టింది. చాలామంది డాక్టర్లను ఒప్పించి ఆ మందు వేసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు అమెరికాలో ఒక రోగి కూతురూ, బ్రెజిల్‌లో ఒక రోగీ కలిసి, వేసుకున్నవాళ్ళందరి వివరాలూ ఒకచోట నమోదు చేద్దామని పూనుకున్నారు. ఆ వివరాలతో ‘నేచర్ బయోటెక్నాలజీ’ పత్రికలో 2011లో వ్యాసం వచ్చింది. లిథియం వేసుకున్న 149 మందిని, జబ్బు నడకలో వాళ్ళను పోలిన 447 మందితో సరిపోల్చారు. ఏడాది తర్వాత తేడా లేదు. ఆసుపత్రుల్లో జరిగిన ట్రయల్స్ కూడా ఆ మాటే చెప్పాయి. తాము ఆశపడిన మందు పనిచేయడం లేదని తామే లెక్కలు కట్టి లోకానికి చెప్పిన ఆ ఇళ్ళను తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది.

అయితే ఇదే చోట ప్రమాదాలూ ఉన్నాయి. ముందు నడిచే మనిషి కనిపించడం మేలు అన్నాను. ఆ మనిషి కనిపించడమే భరించలేనివాళ్ళూ ఉంటారు. బ్రిటన్‌లో లూయీజ్ లోకాక్, జానిస్ బ్రౌన్ అనే పరిశోధకులు ఈ వ్యాధి ఉన్నవాళ్ళతోనూ చూసుకునేవాళ్ళతోనూ మాట్లాడి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరికి తోటివాళ్ళే ఊపిరి. మరికొందరు మాత్రం, ఈరోజు చేతికర్రతో నడుస్తున్న మాకు చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ళను చూస్తే మా రేపు కనిపిస్తోంది, అది చూడలేమని దూరంగా ఉండిపోయారు. ఒకే మనిషి ఒక నెల కావాలని, ఇంకో నెల వద్దని అనుకోవచ్చు కూడా. అందుకని బృందంలో చేరమని బలవంతపెట్టకూడదు, వెళ్ళిపోయినవాళ్ళను ఎందుకు వెళ్ళావని అడగకూడదు.

పోల్చుకోవడంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ‘మద్రాస్ మోటార్ న్యూరాన్ వ్యాధి’ అని వైద్యగ్రంథాల్లో ఒక రకం ఉంది. దక్షిణ భారతంలోనే ఎక్కువగా కనిపించే ఈ జబ్బు చిన్న వయసులో మొదలవుతుంది. ముఖం, గొంతు కండరాలు బలహీనపడతాయి, వినికిడి తగ్గుతుంది. కానీ చాలా నెమ్మదిగా, దశాబ్దాల మీద నడుస్తుంది. ఇంకో జబ్బులో యువకులకు ఒక చెయ్యో కాలో మాత్రమే సన్నబడుతుంది. కొన్నేళ్ళు ముదిరి ఆగిపోతుంది. ఇందులో కాలు సన్నబడే రకాన్ని ఎక్కువగా గమనించింది మన దేశంలోనే. ఇలాంటి జబ్బున్న కుర్రవాడి తల్లి, ఎ.ఎల్.ఎస్. కుటుంబాల మాటలు విని, ఇక మూడేళ్ళే అని కుప్పకూలితే ఆ నష్టాన్ని ఎవరు తీరుస్తారు? ఏ రకమో డాక్టరు నోట తేల్చుకున్నాకే తోటివాళ్ళను వెతుక్కోవాలి.

రెండో ప్రమాదం ఆశను అమ్ముకునేవాళ్ళు. ఎక్కడ ఇలాంటి కుటుంబాలు గుమిగూడితే అక్కడికి మూలకణాల ఇంజెక్షన్లూ, నరాలకు ప్రాణం పోసే పొడులూ వచ్చి వాలతాయి. రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బుల వంటివి తప్ప, మూలకణ చికిత్సను ట్రయల్‌కు బయట డబ్బు తీసుకుని చేయడం అనైతికమని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ నరాల నిపుణుడు రిచర్డ్ బెడ్లాక్ 2009లో ‘ఎ.ఎల్.ఎస్. అన్‌టాంగిల్డ్’ అనే ప్రయత్నం మొదలుపెట్టాడు. ఇంటర్నెట్‌లో చెప్పుకునే మందుల్లో దేని గురించి చూడమంటారో రోగులనే అడిగి, ఒక్కోదాని వెనక ఉన్న ఆధారాలను డాక్టర్ల బృందంతో పరిశీలింపజేసి ప్రచురిస్తాడు. ఎవరినీ తిట్టడు, వెక్కిరించడు. ఆస్తి అమ్మేముందు ఒక కొడుకు చదవదగ్గవి అవి. మంచి బృందానికి అలాంటి కావలి ఒకటి ఉండాలి, అమ్మకం మాట ఎత్తగానే ఆపే మనిషి ఉండాలి.

మూడోది మర్యాద. చూసుకునేవాళ్ళు అడిగేవి ఒంటికి సంబంధించిన సంగతులు. అవి ఎవరివి? మంచం మీది మనిషివి. ఆయన అనుమతి లేకుండా ఫొటోలు, వీడియోలు పెట్టడం తప్పు. కానీ ఆయన ముందు అనలేని మాటలు కూడా చూసుకునే మనిషికి ఉంటాయి. మెదడు ముందు భాగం దెబ్బతిన్నప్పుడు భర్త, ఎన్నడూ లేనిది, భార్య అలసటను గమనించడం మానేస్తాడు. ఎంత చేసినా మొహంలో మార్పుండదు. ‘ఇంత చేస్తున్నా నన్ను మనిషిగా చూడటం లేదు’ అని ఆమె కన్నవాళ్ళతో కూడా అనలేదు. జబ్బు మనిషిని తప్పుపట్టినట్టవుతుందని భయం. తోటి ఇల్లాలితో అనగలదు. ఆమె నుంచి ‘అది ఆయన కాదమ్మా, జబ్బు’ అనే మాట వినగలదు. అందుకే రోగులూ చూసుకునేవాళ్ళూ కలిసిన చోటు ఒకటి, చూసుకునేవాళ్ళకు మాత్రమే ఉన్న చోటు ఒకటి, విడివిడిగా ఉండటం మంచిది.

ఇలాంటి బృందంలో చావు వార్త తరచూ వస్తుంది. వ్యాధి స్వభావమే అంత. వార్త వచ్చిన రోజున అందరూ రెండు మాటలు రాసి, తమ మంచం వైపు చూసుకుంటారు. విచిత్రంగా, పోగొట్టుకున్నవాళ్ళలో కొందరు బృందాన్ని వదలరు. నెలల తరబడి నేర్చుకున్నదంతా వాళ్ళ చేతుల్లో ఉంది, దాన్ని వాడాల్సిన మనిషి లేడు. కొత్తగా వచ్చినవాళ్ళ ప్రశ్నలకు వాళ్ళే ముందు జవాబు రాస్తారు. సాయం చేసినవాడికే ఎక్కువ మేలు జరుగుతుందని ఫ్రాంక్ రీస్‌మన్ అనే అమెరికన్ 1965లోనే సిద్ధాంతీకరించాడు. కొందరు మాత్రం ఆ రోజే బయటికి వెళ్ళిపోతారు, మళ్ళీ ఆ పేరు వినలేరు. రెండూ సరైనవే.

ఇంతకూ ఇది పనిచేస్తుందని రుజువుందా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలి. 1989లో డేవిడ్ స్పీగెల్ అనే వైద్యుడు, ముదిరిన రొమ్ము కేన్సర్ ఉన్న స్త్రీలు వారం వారం బృందంగా కలిస్తే ఎక్కువకాలం బతికారని ప్రకటించాడు. 2001లో కెనడాలో పెద్దగా చేసిన ట్రయల్‌లో ఆయుష్షు పెరగలేదు. బాధ, దిగులు తగ్గాయి. ఇక ఇంటర్నెట్ బృందాల మీద వచ్చిన అధ్యయనాలన్నీ 2004లో గుంథర్ ఐసెన్‌బాక్ బృందం సమీక్షించి, వీటివల్ల ఆరోగ్యం మెరుగుపడుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదని రాసింది. ఒక కారణం, చాలా అధ్యయనాల్లో తోటివాళ్ళ మాటతో పాటు ఇంకెన్నో సాయాలు కలిసి ఉండటం. దేనివల్ల ఏం జరిగిందో విడదీయలేకపోయారు. పైగా మోటార్ న్యూరాన్ వ్యాధిలో చూసుకునేవాళ్ళ భారం నెలనెలా పెరుగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు దిగులు పెరగకుండా ఉన్నచోటే ఆగడం కూడా లాభమే, కానీ దాన్ని అంకెల్లో పట్టుకోవడం కష్టం. ఈ బృందాలు రోగి ఆయుష్షు పెంచుతాయని నేను చెప్పను. పొద్దున తలనొప్పి గ్యాస్ కాదని ఒక కూతురికి రెండు నెలల ముందు తెలియడం మాత్రం నాకు చిన్న విషయంగా కనిపించదు.

మన దగ్గర ఇదంతా తెలుగులో జరగాలి. ఈ జబ్బు మీద దొరికే సమాచారం ఎక్కువగా ఇంగ్లిషులో ఉంది. విదేశంలో ఉన్న కొడుకు దాన్ని చదివి, తెనాలిలో తండ్రిని చూసుకుంటున్న తల్లికి ఫోన్‌లో చెబుతాడు. చెప్పలేని భాగాన్ని మింగేస్తాడు. ఆ తల్లికి నేరుగా ఇంకో తల్లి గొంతు వినిపించాలి. అక్షరాలు చదవనక్కర్లేని వాయిస్ మెసేజ్ ఇందుకు ఎంతో పనికొస్తుంది. ఆమె ‘అక్కా’ అని మొదలుపెట్టి మూడు నిమిషాలు చెప్పగలదు, ఇంకొకామె రొట్టె కాలుస్తూ వినగలదు.

మాట పోయినవాళ్ళకు కావలసిన అక్షరాల అట్ట సంగతే తీసుకోండి. ఇంగ్లిషుకు 26 అక్షరాలు చాలు. తెలుగులో యాభైకి పైగా ఉన్నాయి, వాటికి గుణింతాలు, ఒత్తులు అదనం. అన్నీ వరసగా చదువుతూ పోతే రోగి కళ్ళు అలసిపోతాయి. కానీ మన వర్ణమాల ముందే వరసల్లో ఉంది. క, చ, ట, త, ప, ఒక్కో వర్గంలో అయిదు. ‘క వర్గమా, చ వర్గమా’ అని అడుగుతూ పోతే, సరైన దగ్గర రోగి రెప్ప ఆడిస్తే వరస తెలుస్తుంది. ఆ వరసలో మళ్ళీ అలాగే అడిగితే అక్షరం దొరుకుతుంది. అరుదుగా వచ్చే ఙ, ఞ, ఝ లాంటివి తీసేస్తే ఇంకా తొందరగా అవుతుంది. మిగిలిన హల్లులకు ఇంకో రెండు వరసలు, అచ్చులకు ఒకటి చాలు. గుణింతం అడగకుండా హల్లులతోనే సగం మాటలు ఊహించవచ్చు, ‘మ, చ, న, ళ’ అంటే మంచినీళ్ళేనని ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. నొప్పి, దురద, తిప్పు, ఫ్యాను, చాలు వంటి రోజువారీ మాటలను అట్ట పైభాగంలో విడిగా రాసుకోవాలి. మాట ఇంకా ఉండగానే ఈ అట్ట మొదలుపెట్టడం మేలు, అప్పుడు ఇద్దరికీ అలవాటవుతుంది. ఒక ఇంట్లో సరిదిద్దిన అట్టను ఫొటో తీసి ఇంకో ఇంటికి పంపడానికి ఒక్క నిమిషం పడుతుంది.

ఆ రెండో ఇల్లు ఎక్కడుందో తెలియాలి, అంతే. అది తెలిసిన మనిషి నరాల డాక్టరు ఒక్కరే. ఓపీలో తన ముందు కూర్చున్న కుటుంబానికీ, కిందటి నెల వచ్చి వెళ్ళిన కుటుంబానికీ ఇష్టమేనా అని ఇద్దరినీ అడిగి, ఒప్పుకుంటే చీటీ వెనక ఒక ఫోన్ నంబరు రాసివ్వగలరు. దానికి కొత్త విభాగం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. కిందటి నెల వచ్చినవాళ్ళు కొన్ని నెలలు ముందున్నవాళ్ళయితే ఇంకా మంచిది.